పిలకాయల్ని సైన్స్ మ్యూజియంకి తీసుకెళ్లి ఏడుపుతో తిరిగొచ్చాం, ఎక్కడ తప్పు చేశాం?

మూలాపేట_నాన్న
పోయిన ఆదివారం మా ఇంట్లో నలుగురం, మా అక్కావాళ్లు ముగ్గురు, మొత్తం ఏడుగురం వేరే ఊళ్లో ఉన్న ఒక సైన్స్ మ్యూజియంకి వెళ్లొచ్చాం. నెల్లూరు నుంచి తెల్లవారుజామున ఐదున్నరకి బయలుదేరాం. పులిహోర, పెరుగన్నం కట్టుకున్నాం. మా పాపకి ఎనిమిదేళ్లు, బాబుకి ఐదు, అక్క కొడుక్కి పదకొండు. పిలకాయలే బటన్లు నొక్కి, చక్రాలు తిప్పి నేర్చుకునే చోటు అని నెల రోజులుగా వాళ్లని ఊరిస్తూ వచ్చాను.

మేము వెళ్లేసరికే ఐదు స్కూలు బస్సుల పిల్లలు లోపల ఉన్నారు. నొక్కితే వెలగాల్సిన వాటిలో సగానికి సగం ‘మరమ్మతులో ఉంది’ అని కాగితం అంటించి ఉంది. సైకిలు తొక్కితే బల్బు వెలిగేది ఒకటుంది. దాని కోసం ఇరవై నిమిషాలు వరసలో నిలబడితే సరిగ్గా మా మేనల్లుడి వంతుకి గొలుసు ఊడిపోయింది. ‘ఇక్కడ చేయి పెట్టండి’ అని రాసిన చోట పాప చేయి పెడితే, అక్కడున్న మనిషి ముట్టుకోవద్దని గద్దించాడు. తారామండలంలో లైట్లు ఆర్పగానే బాబు గుక్కపెట్టి ఏడ్చాడు. మా ఆవిడ వాణ్ని ఎత్తుకుని షో అయ్యేదాకా బయటే కూర్చుంది. టికెట్లు, పెట్రోలు, టోలు అన్నీ కలిపి బాగానే అయింది. డబ్బు సంగతి అటుంచండి, పిలకాయల ముఖాలు చూస్తేనే బాధేసింది.

తిరిగొస్తూ నీకు ఏది నచ్చిందమ్మా అని పాపని అడిగాను. మెట్ల పక్కనున్న వంకర అద్దం అంది. అంత దూరం పోయింది ఒక అద్దం కోసమా? చిన్నపిల్లలతో వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. తప్పు మాదా, లేక ఈ మ్యూజియంలే ఇంతా?

కావలి_పద్మ
మాకూ అచ్చం ఇదే. దసరా సెలవుల్లో వెళ్లాం. మావాడు పొద్దంతా తాగునీటి కుళాయి దగ్గరే ఆడుకున్నాడు.

దర్గామిట్ట_బుజ్జి
ఆదివారం పోవడమే తప్పన్నా. అదీ ఏడుగురితో.

పొదిలి_మామ
ఇవన్నీ ఎందుకయ్యా. మా చిన్నప్పుడు బావి గిలక, ఎద్దుల బండి ఇరుసు, ఏతాం, ఇవే మాకు సైన్స్. ఏతాం మీద ఒక మనిషి నడుస్తుంటే అంత బానెడు నీళ్లు ఎలా పైకొస్తున్నాయో చూసి తులాదండం అర్థం చేసుకున్నాం. టికెట్టు కొని బటన్ నొక్కితే ఏం వస్తుంది?

ఆత్మకూరు_అమ్మ
మామా, మీ మాట నిజమే. కానీ ఇప్పుడు మా పిల్లలకి బావి ఎక్కడ చూపించాలి? మా వీధిలో ఉన్నది బోరు, స్విచ్ వేస్తే నీళ్లు. గిలక ఎలా ఉంటుందో చూడాలంటే మ్యూజియంకే పోవాలి.

పొదిలి_మామ
అదీ నిజమేలే తల్లీ.

కందుకూరు_టీచరమ్మ
మూలాపేట నాన్నగారూ, ఒక్క మాట అడుగుతాను. ఆ అద్దం దగ్గర మీ పాప ఎంతసేపు నిలబడింది? మిగతావాటి దగ్గర ఎంతసేపు?

మూలాపేట_నాన్న
తారామండలం టికెట్ల కోసం మేము వరసలో ఉన్నప్పుడు తను అక్కడే ఉంది టీచరమ్మా. పావుగంటకి పైనే ఉంటుంది. మిగతావి అయితే, మూడు అంతస్తులు ఉన్నాయి, మూడు గంటలకల్లా బయటపడాలి అని నేనే తొందరపెట్టాను. ఒక్కోదాని దగ్గర రెండు నిమిషాలు ఉంటే ఎక్కువ.

కందుకూరు_టీచరమ్మ
నేను అనుకున్నది అదే. ఇరవై రెండేళ్లుగా ఆరు, ఏడు తరగతులకి సైన్స్ చెప్తున్నాను, స్కూలు తరఫున పిల్లల్ని చాలాసార్లు తీసుకెళ్లాను. మొదట్లో నేనూ మీలాగే వరసగా అన్నీ చూపించేదాన్ని. తిరిగొచ్చాక వ్యాసం రాయమంటే అందరూ బస్సులో పాడిన పాటలు, తిన్న తిండి రాసేవారు.

మీ పాపకి అద్దం నచ్చింది అంటే అక్కడ తనని ఎవరూ చేయి పట్టి లాగలేదు. దగ్గరికి వెళ్లింది, వెనక్కి వచ్చింది, వంగింది, చేతులెత్తింది. ప్రతిసారీ బొమ్మ మారింది. ఎక్కడిదాకా వెళ్తే తలకిందులవుతుందో తనంతట తనే కనిపెట్టి ఉంటుంది. ప్రయోగం అంటే అదే కదండీ. ఇప్పుడు ఇంట్లో బాగా తోమిన స్టీలు గరిటె ఒకటి చేతికివ్వండి. లోపలి వైపు చూస్తే తలకిందులుగా, వెనక వైపు చూస్తే నిటారుగా, చిన్నగా కనిపిస్తుంది. మ్యూజియంలో చూసినదాన్ని గరిటెలో మళ్లీ చూస్తే తన ముఖం ఎలా వెలుగుతుందో చూడండి.

ఈసారి వెళ్తే నాలుగే నాలుగు చూపించండి. అవి కూడా పిల్లలే ఎంచుకోవాలి.

ఒంగోలు_గిత్త
టీచర్ గారూ, నేను ఒప్పుకోను. రానూపోనూ మూడొందల కిలోమీటర్లు తిరిగి, ఏడుగురికి టికెట్లు కొని నాలుగే చూసి రమ్మంటారా? అసలు సగం పనిచేయకపోవడం గురించి ఎవరూ మాట్లాడరేం? టికెట్టు కొన్నవాడే సర్దుకోవాలా?

చీమకుర్తి_రాయి
గిత్త చెప్పింది కరెక్ట్. పనిచేయనివాటికి టికెట్టు ధర తగ్గించాలి.

సూళ్లూరుపేట_చిన్నా
మీరంతా మా ఊరిని మర్చిపోయారు. శ్రీహరికోటలో స్పేస్ మ్యూజియం ఉంది, రాకెట్ల నమూనాలున్నాయి. ముందే పేరు నమోదు చేసుకోవాలి, గుర్తింపు కార్డు ఉండాలి. కానీ అక్కడ ఎక్కువగా చూసి చదివేవే, నొక్కి ఆడుకునేవాటి కోసం అయితే కాదు.

అసలు మజా రాకెట్టు ప్రయోగం రోజున ఉంటుంది. 2019 నుంచి జనం కూర్చుని చూసే గ్యాలరీ కూడా పెట్టారు. మేము మాత్రం మిద్దె మీద నుంచే చూస్తాం. మంట కనిపించగానే మా పిల్లలు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతారు. చప్పుడు వచ్చేసరికి నిమిషం దాకా పడుతుంది. ధ్వని సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది, అంటే కిలోమీటరుకి మూడు సెకన్లు. లెక్కపెట్టిన సెకన్లని మూడుతో భాగిస్తే రాకెట్టు మనకి ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో వచ్చేస్తుంది. 2023 జులై 14న చంద్రయాన్-3 వెళ్లినప్పుడు మా చిన్నది ఈ లెక్క చేసి వీధంతా తిరిగి చెప్పింది.

మైపాడు_అల
చిన్నా, మాకు మంట, పొగచార కనిపిస్తాయి కానీ చప్పుడు రాదబ్బా. మీ అదృష్టం.

కావలి_పద్మ
ఉరుము, మెరుపు మధ్య కూడా ఇదే లెక్క పనిచేస్తుంది. మా నాన్న నేర్పారు.

పాత_గైడన్న
గిత్తా, రాయీ, మీ కోపంలో న్యాయం ఉంది. నేను రెండేళ్లు ఒక సైన్స్ సెంటర్లో గైడుగా చేశాను కాబట్టి లోపలి సంగతి చెప్తాను.

ఈ వస్తువులు బజారులో దొరికేవి కావు. చాలావరకు సొంత వర్క్‌షాపులో తయారుచేసుకున్నవే. ఒక స్ప్రింగ్ తెగినా, గేర్ అరిగినా దానికి సరిపోయేది మళ్లీ చేయించాలి. సెలవు రోజున ఒక్కో బటన్ మీద కొన్ని వందల చేతులు పడతాయి. చిన్నపిల్లలు వేలితో నొక్కుతారు. పెద్దపిల్లలు పందెం వేసుకుని పిడికిలితో గుద్దుతారు. సైకిళ్ల గొలుసులు ఎక్కువగా ఊడేది పెడల్ వెనక్కి తొక్కడం వల్లే. చూసుకునే టెక్నీషియన్లు మా దగ్గర ఇద్దరే ఉండేవారు.

అయినా నెలల తరబడి కాగితం అంటించి వదిలేయడం తప్పే, నేను సమర్థించను. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియం అని ఉంది. ఇలా పట్టుకుని చూసే మ్యూజియంలకి అది పెద్దన్న లాంటిది. అణుబాంబు ఒపెన్‌హైమర్ తమ్ముడు ఫ్రాంక్ ఒపెన్‌హైమర్ 1969లో మొదలుపెట్టాడు. అక్కడ వర్క్‌షాపుని కూడా జనానికి కనిపించేలా పెట్టారు. పాడైనదాన్ని బాగుచేయడం పిల్లలు నిలబడి చూడొచ్చు. మన దగ్గర ఆ సైకిలు గొలుసు పిల్లల ఎదురుగానే ఎక్కించి ఉంటే మూలాపేట అన్న మేనల్లుడు అదే చాలా ఇష్టంగా చూసేవాడు.

మీరు చేయగలిగింది ఒకటుంది. బయటికి వచ్చేటప్పుడు సందర్శకుల పుస్తకంలో ఏ వస్తువు పాడైందో దాని పేరు, అది ఉన్న అంతస్తు రాయండి. ‘బాగాలేదు’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ‘రెండో అంతస్తులో సైకిలు గొలుసు ఊడింది’ అని తేదీ వేసి రాస్తే అది పై అధికారి ముందుకి వెళ్తుంది. మా దగ్గర అలా రాసినవాటికే ముందు మోక్షం వచ్చేది.

గద్దించినది గైడు కాకపోవచ్చు, కాపలా మనిషి అయి ఉంటాడు. ఏది ముట్టుకోవచ్చో వాళ్లకి ఎవరూ నేర్పరు. కౌంటర్ దగ్గరే ‘డెమో ఎన్నింటికి, గైడు ఎక్కడుంటారు’ అని అడగండి.

ఒంగోలు_గిత్త
పుస్తకం సంగతి నాకు తెలియదన్నా. నేను ఇన్నాళ్లూ బయట నిలబడి తిట్టుకోవడమే చేశాను. ఈసారి రాస్తాను.

దర్గామిట్ట_బుజ్జి
గైడన్నా, ఎప్పుడు వెళ్తే ఖాళీగా ఉంటుంది?

పాత_గైడన్న
మామూలు రోజుల్లో మధ్యాహ్నం మూడు దాటాక. స్కూలు బస్సులు ఊరు చేరాలి కాబట్టి అప్పటికి వెళ్లిపోతాయి. లేదంటే తలుపులు తీసే వేళకి. బడులు తెరిచిన జూన్, జులైలలో పలచగా ఉంటుంది. నవంబరు నుంచి జనవరి దాకా విహారయాత్రల బస్సులే బస్సులు. నవంబరు 14న అయితే కాలు పెట్టలేరు. ఫిబ్రవరి 28 కూడా రద్దీయే, కానీ ఆ రోజు వెళ్లొచ్చు. వెలుగు చెదిరే తీరు మీద సి.వి. రామన్ కనిపెట్టిన రామన్ ఎఫెక్ట్‌ని ప్రకటించిన రోజు కాబట్టి జాతీయ సైన్స్ దినోత్సవం చేస్తారు, ప్రత్యేకంగా ప్రయోగాలు చూపిస్తారు.

ఆత్మకూరు_అమ్మ
ఒక అమ్మగా నా అనుభవం చెప్పాలి. మా బాబుకి ఆటిజం. పెద్ద శబ్దాలు, గుంపులు పడవు. మొదటిసారి వెళ్లినప్పుడు పది నిమిషాల్లో బయటికి పరిగెత్తాడు. చుట్టూ అందరూ చూస్తుంటే నాకు కన్నీళ్లు ఆగలేదు. ఆ తర్వాత పద్ధతి మార్చాం. చెవులకి పెట్టుకునే మఫ్ కొన్నాం. వెళ్లే ముందు రోజు ఫోన్లో ఆ మ్యూజియం ఫోటోలు చూపించి, ఇక్కడ మెట్లు, ఇక్కడ చీకటి గది అని చెప్పాం. వెళ్లగానే ముందు తోటలో కూర్చోబెట్టాం.

నీడ గోడ అని ఒకటి ఉంటుంది చూడండి. గోడకి మెరిసే పూత ఉంటుంది. మనం నిలబడితే ఫ్లాష్ వెలుగుతుంది, పక్కకి తప్పుకున్నా మన నీడ గోడ మీదే ఉండిపోతుంది. వెలుగు పడిన చోట పూత ఆ వెలుగుని దాచుకుని కాసేపు మెరుస్తుంది. మనం అడ్డుపడిన చోట దానికి వెలుగు అందదు, నల్లగా మిగిలిపోతుంది. వాడు తన నీడని చేత్తో తడిమి తడిమి చూశాడు. నలభై నిమిషాలు అక్కడే. వెనక ఉన్న పిల్లలు కూడా ఓపిగ్గా వంతు ఇచ్చారు. ఆ రోజు మేము చూసింది ఆ ఒక్కటే. మా ఇంటాయన ఇప్పటికీ ఆ రోజు గురించే చెప్తారు.

కందుకూరు_టీచరమ్మ
అమ్మా, ఇది మా స్టాఫ్ రూములో చదివి వినిపిస్తాను.

సింగరాయకొండ_శీను
తారామండలం గురించి ఒక మాట. ఐదేళ్ల లోపు పిల్లల్ని తీసుకెళ్లకపోవడమే మేలు. తీసుకెళ్తే తలుపు పక్క సీటు అడగండి. ఇంకోటి, ఏ భాషలో షో ఉందో చూసుకోవాలి. మద్రాసులో బిర్లా ప్లానెటోరియంకి వెళ్లి తమిళం షోలో కూర్చున్నాం. మా పాపకి చుక్కలు అర్థమయ్యాయి, మాటలు కాలేదు. తిరుపతిలో అలిపిరి వైపు ఉన్న సైన్స్ సెంటర్‌లో తెలుగు షో దొరుకుతుంది. కొండకి పోయేవాళ్లు ఒక పూట దానికి ఉంచుకోవచ్చు.

మైపాడు_అల
మద్రాసు అంటే గుర్తొచ్చింది. ఎగ్మోర్ మ్యూజియంలో పిల్లల విభాగం వేరే ఉంది. అక్కడ నొక్కేవి తక్కువ, బొమ్మలు చూడటమే ఎక్కువ. కానీ అదే ఆవరణలో అమరావతి శిల్పాలు ఉన్నాయి, మన కృష్ణా ఒడ్డువి. మా అబ్బాయికి అవే నచ్చాయి. శుక్రవారం సెలవు, చూసుకోండి.

చీమకుర్తి_రాయి
వాటిని ముట్టుకోనివ్వరుగా. ఇక్కడ అడిగింది ముట్టుకునేవాటి గురించి.

మైపాడు_అల
ముట్టుకోకుండా చూడటం కూడా నేర్పాలిగా. ఏవి పట్టుకోవచ్చో, ఏవి పట్టుకుంటే అరిగిపోతాయో చెప్తే మావాడు చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు. రెండు రకాల చోట్లకీ తీసుకెళ్లాలని నా అభిప్రాయం.

మార్కాపురం_పలక
మీరు తిరుపతి, మద్రాసు అంటున్నారు. మా వైపు నుంచి ఏదైనా రోజు ప్రయాణమే. దేశమంతా పలకలు పంపిన ఊరు మాది. ఆ పలకల మీద దిద్దుకున్న పిల్లలకి మా ఊళ్లో ఒక్క సైన్స్ గది లేదు. ఒంగోలుకి ఒకటి, నెల్లూరుకి ఒకటి పెద్దవి కావాలని అడగడం అత్యాశా?

కందుకూరు_టీచరమ్మ
అత్యాశ కానే కాదు బాబూ. అది వచ్చేలోగా ఒకటి ప్రయత్నించండి. జాతీయ సైన్స్ మ్యూజియంల మండలి కింద బస్సుల్లో తిరిగే ప్రదర్శనలు ఉన్నాయి. బస్సు పక్కలకే ప్రయోగాల పెట్టెలు బిగించి ఉంటాయి. 1965లో కలకత్తాలో బిర్లా మ్యూజియంవాళ్లు మొదలుపెట్టారు. హెడ్మాస్టరు లెటర్ రాసి అడగాలి. చుట్టుపక్కల నాలుగు బడులు కలిసి అడిగితే ఇంకా బలం.

మార్కాపురం_పలక
మా హెడ్మాస్టరు గారికి రేపే చెప్తాను. చాలా థ్యాంక్స్ టీచర్ గారూ.

గూడూరు_నిమ్మ
ఇంట్లో చేసుకునేవి కూడా చెప్పండి ఎవరైనా. అందరికీ కారు ఉండదు.

పాత_గైడన్న
మా సెంటర్లో పిల్లలు ఎక్కువగా గుమిగూడేది ఒక రాగి గొట్టం దగ్గర. ఏసీ మెకానిక్‌ని అడిగితే గొట్టం ముక్క ఇస్తాడు. అందులో వదులుగా పట్టే నియోడిమియం అయస్కాంతం, అంటే బాగా బలమైన రకం, ఒకటి కొనండి. గొట్టాన్ని నిటారుగా పట్టుకుని ముందు మామూలు ఇనప ముక్కని వదలండి. మీటరు గొట్టం అయినా అర సెకను లోపే కింద పడుతుంది. తర్వాత అయస్కాంతం వదలండి. తొందరేం లేనట్టు మెల్లగా దిగుతుంది. రాగికి అయస్కాంతం అతుక్కోదు, అయినా అది కదులుతుంటే రాగిలో కరెంటు సుడులు పుడతాయి. ఆ సుడులే దాన్ని వెనక్కి పట్టి ఉంచుతాయి. ఒకే జాగ్రత్త, చిన్నపిల్లలు అయస్కాంతం మింగకుండా చూడాలి. రెండు మింగితే కడుపులో పేగుని మధ్యలో పెట్టి అతుక్కుంటాయి, ప్రాణం మీదికొస్తుంది.

గూడూరు_నిమ్మ
చివరి మాట చెప్పి మంచి పని చేశారన్నా. మా చిన్నోడికి దొరికిందల్లా నోట్లోకే.

మూలాపేట_నాన్న
అందరికీ చెప్పాలని వచ్చాను. మొన్న గురువారం సెలవు పెట్టి మళ్లీ అదే మ్యూజియంకి వెళ్లాం. ఈసారి పాప, మేనల్లుడు, నేను మాత్రమే. బాబుని వాళ్లమ్మ దగ్గర ఉంచాం, వాడికి గరిటె ఇచ్చాం. మధ్యాహ్నం మూడుకి లోపలికి వెళ్లాం. గైడన్న చెప్పినట్టే చివరి స్కూలు బస్సు గేటు దాటుతోంది.

నాలుగు మీరే ఎంచుకోండి అన్నాను. మూడు ఎంచుకున్నారు. సైకిలు బాగైంది! మావాడు ముందు ఎల్‌ఈడీ బల్బు వెలిగించాడు, సులువుగా వెలిగింది. పక్కన పాత ఫిలమెంట్ బల్బు స్విచ్ వేయగానే పెడల్ బరువెక్కిపోయింది, చెమటలు పట్టాయి. ఒకటి తొమ్మిది వాట్లు, ఇంకోటి అరవై అని గైడు అమ్మాయి చెప్పింది. ఇంటికొచ్చాక మావాడే ప్రతి గదికీ తిరిగి లైట్లు ఆర్పుతున్నాడు. ఫ్యాన్ అయితే డెబ్బై ఐదు వాట్లు మామా, ఇది తొక్కాలంటే నా వల్ల కాదు అంటున్నాడు.

తోటలో ఎదురెదురుగా రెండు పెద్ద గిన్నెలు నిలబెట్టి ఉన్నాయి. ఒకదాని దగ్గర పాప, చాలా దూరంలో రెండోదాని దగ్గర నేను. తను గుసగుసగా ‘నాన్నా, ఆకలేస్తోంది’ అంది. చెవి పక్కన అన్నట్టు వినిపించింది. మాట ఒక గిన్నెకి తగిలి సమాంతరంగా వచ్చి, రెండో గిన్నె దాన్ని ఒక్క చోటికి చేరుస్తుందట. తర్వాత తను మధ్యలో నిలబడి, మావాణ్ని మాట్లాడమని విని, నాకు ఇక్కడ ఏమీ వినపడట్లేదేంటి అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. తనంతట తనే కనిపెట్టాలని ఆగాను టీచరమ్మా. ముప్పావు గంట అటూ ఇటూ పరిగెత్తి, గిన్నెకి వీపు పెట్టి, పక్కకి జరిగి, చివరికి ‘మాట ఇక్కడ చెదిరిపోయి ఉంటుంది నాన్నా, గిన్నె దగ్గర పోగవుతుంది’ అంది.

వంకర అద్దం దగ్గర మాత్రం వచ్చేటప్పుడు మళ్లీ ఆగాం.

పుస్తకంలో రెండు రాశాను. ఒకటి, మొదటి అంతస్తులో గేర్ల పెట్టె ఇంకా తిరగట్లేదు. రెండోది, ‘చేయి పెట్టండి’ దగ్గర ఉన్నవాళ్లకి అది ముట్టుకునేదే అని చెప్పండి అని.

కందుకూరు_టీచరమ్మ
‘చెదిరిపోయి, పోగవుతుంది.’ నా పాఠంలో రేపటి నుంచి ఇదే మాట వాడతాను. మీ పాపకి చెప్పండి.

ఒంగోలు_గిత్త
నాలుగు అంటే వాదించాను. మూడుకే ఇంత రాశారు. మే నెలలో మా పిల్లలతో వెళ్తున్నాను, ఇద్దరినీ ఒకేసారి కాకుండా ఒక్కొక్కరినే.

పొదిలి_మామ
ఆ గిన్నెల్లాంటివి మన వైపు ఎక్కడైనా ఉన్నాయా? నా మనవరాలికి చూపించాలి.

గూడూరు_నిమ్మ
గైడన్నా, మెకానిక్ అర అంగుళం గొట్టం ఇచ్చాడు. అయస్కాంతం ఎంత సైజుది కొనాలి?

పాత_గైడన్న
పది మిల్లీమీటర్లది సరిపోతుంది. గొట్టం లోపల గరుకు ఉంటే గుడ్డతో తుడిచి వదలండి. పొదిలి మామా, మీరు ఊరి పేరు చెప్తే దగ్గరలో ఏముందో కనుక్కుని చెప్తాను.